ఎక్కడైనా ‘సెట్’ అయ్యే మాట

ఆదివారం పొద్దున్న. కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని పేపరు విప్పాను. మొదటి పేజీ అడుగున ‘సెట్ల షెడ్యూల్ ఖరారు’ అని వార్త. ఆటల పేజీలో ‘వరుస సెట్లలో గెలుపు’. సినిమా పేజీలో ‘భారీ సెట్‌లో పాట చిత్రీకరణ’. జిల్లా పేజీలో రైతుల పంపుసెట్ల గొడవ, దాని పక్కనే పెళ్ళివారింట్లో ముత్యాల సెట్టు పోయిన కథ. వెనక పేజీ నిండా స్టీలు గిన్నెల సెట్టు మీద తగ్గింపు ప్రకటన. సరదాకి వేళ్ళు మడిచి లెక్కపెడుతుంటే వంటింట్లోంచి కేక: ‘‘ఏమండీ, రాత్రి తోడేసిన పెరుగు సెట్టవలేదు!’’

ఏడు. కాఫీ చల్లారేలోగా ఏడు సెట్లు!

వీటిలో ఒకటి దొంగ సెట్టు. పరీక్షల సెట్టుకు మిగతా ఆరింటితో చుట్టరికమే లేదు. ‘కామన్ ఎంట్రన్స్ టెస్ట్’ అనే మూడు మాటల తొలి అక్షరాలు కలిసి ‘సెట్’ అయ్యాయి. ఒకప్పటి ఎంసెట్, ఇప్పటి ఐసెట్, లాసెట్, ఎడ్‌సెట్... అన్నీ ఆ కోవవే. ఇంగ్లీషులో ఆ సెట్టు వేరు, ఈ సెట్టు వేరు, అక్షరాలే వేరు. తెలుగు లిపిలోకి వచ్చేసరికి రెండూ కవల పిల్లలయ్యాయి. పైగా మనవాళ్ళు దానికి బహువచనం కూడా చేర్చి ‘సెట్లు’ అనేశారు. ఇంజినీరింగు సీటు కోసం రాత్రింబవళ్ళు చదివే పిల్లలకు ఆ మాట వింటే గుండె దడ. సినిమా కళా దర్శకుడికి అదే మాట వింటే చేతినిండా పని.

మిగిలినవన్నీ అసలు సిసలు ‘సెట్’ సంతానమే. బళ్ళో ‘కట్ కట్ కట్, పుట్ పుట్ పుట్, సెట్ సెట్ సెట్’ అని వల్లె వేయించిన బక్కపలచని క్రియ. భూతకాలంలోనూ మారదు, ఎప్పుడడిగినా ఒకటే రూపం. అందుకే మా తరం తెలుగు మీడియం పిల్లలకు అదంటే ప్రేమ. ఒక్క ముక్క బట్టీ పడితే మూడు మార్కులు. అంత సులువైన మాటే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు పండితులను ముప్పుతిప్పలు పెట్టిందని అప్పుడెవరూ చెప్పలేదు.

అరవై వేల మాటల్లో ఒక్క మాట

1989లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో కూర్పు ఇరవై సంపుటాలుగా వచ్చింది. అందులో అన్నిటికన్నా పొడవైన పద్దు ఈ ‘సెట్’ క్రియదే. 430కి పైగా అర్థచ్ఛాయలు. వాటిని విడమరచడానికి పట్టిన మాటలు సుమారు 60,000. మీరు చదువుతున్న ఈ కథనం లాంటివి ముప్పైకి పైగా పేర్చితే అంతవుతుంది. అదీ క్రియకే. నామవాచకానికి వేరే లెక్క.

ఈ నిఘంటువు పుట్టుక కథ సెట్టు కన్నా తమాషాగా ఉంటుంది. 1879లో సంపాదకత్వం చేపట్టిన జేమ్స్ ముర్రే పదేళ్ళలో పని ముగిస్తాననుకున్నాడు. ఇంటి ఆవరణలో ఇనుప రేకుల షెడ్డు వేసి, గోడలనిండా గూళ్ళు కొట్టించి, పుస్తకాలు చదివేవాళ్ళందరికీ ఓ విన్నపం అచ్చేసి పంచాడు. మీరు చదివే పుస్తకాల్లో ఏ మాట ఎలా వాడారో చీటీ మీద రాసి పంపండి అని దాని సారాంశం. చీటీలు బస్తాలకొద్దీ వచ్చి పడ్డాయి. తొలి భాగం 1884లో అచ్చయింది. అప్పటికి ఐదేళ్ళు గడిచాయి. నిఘంటువు మాత్రం ‘ఎ’తో మొదలై ‘యాంట్’ దాకా, అంటే చీమ దాకా వచ్చింది. చీమ నడకే! చివరి భాగం వెలువడేసరికి 1928. ముర్రే 1915లోనే పోయాడు.

‘ఎస్’ అక్షరం మొదటి భాగం హెన్రీ బ్రాడ్లీ వంతుకు వచ్చింది. మన ‘సెట్’ పడింది ఆయన చేతిలోనే. బ్రాడ్లీ విశ్వవిద్యాలయం గడప తొక్కి చదువుకున్న మనిషి కాదు. షెఫీల్డ్‌లో కత్తులూ చెంచాలూ చేసే కంపెనీలో గుమాస్తాగా పనిచేస్తూ భాషలన్నీ సొంతంగా నేర్చుకున్నాడు. చిన్నప్పుడు తండ్రి ఒళ్ళో తెరిచి ఉన్న బైబిల్‌ని ఎదురుగా నిలబడి చూసి చూసి, అక్షరాలను మొదట తలకిందులుగానే చదవడం నేర్చాడని చెబుతారు. నిఘంటువు తొలి భాగం మీద ఒక పత్రికలో సమీక్ష రాశాడు. తప్పులెంచిన ఆ తీరు చూసి, ఇతన్ని బయట ఉంచడం కన్నా లోపలికి పిలవడమే మేలని ముర్రే అనుకున్నాడు. 430 ముఖాలున్న మాటను విడదీయడానికి అలాంటి గుమాస్తా ఓపికే కావాలి. ఏ అర్థం ఎక్కడ ఆగి ఏది ఎక్కడ మొదలవుతుందో గీత గీయడం పొలం గట్ల తగవు తీర్చడం లాంటిది. ఏ గీత గీసినా ఒకరికి కోపం.

ఇప్పుడు ఆ కిరీటం ‘రన్’కు మారింది. ఆన్‌లైన్‌లో సాగుతున్న మూడో కూర్పులో ‘రన్’ క్రియకు 645 అర్థాలు తేలాయని 2011లో బయటికి చెప్పారు. దాని మీద కూర్చున్న పీటర్ గిలివర్ అనే సంపాదకుడికి తొమ్మిది నెలలు పట్టింది. నిండు గర్భిణి మాటన్నమాట. యంత్రాలూ కంప్యూటర్లూ వచ్చాక లోకమంతా పరుగే కాబట్టి ‘రన్’ గెలవడంలో వింత లేదు. అయినా నా ఓటు సెట్టుకే. ‘రన్’ మన దగ్గర క్రికెట్టు పరుగుగానే ఎక్కువ చెల్లుబాటైంది. సెట్టు మన పెరుగు గిన్నెలో కూడా చేరింది.

కూర్చోబెట్టిన కథ

ఇన్ని అర్థాలకూ మూలంలో ఉన్నది ఒక్క చిన్న పని, కూర్చోబెట్టడం. ప్రాచీన ఇంగ్లీషులో ‘సిట్’ అంటే కూర్చోవడం. దాని ప్రేరణార్థకం ‘సెట్’. మనం ‘తిను’ నుంచి ‘తినిపించు’ చేసినట్టే. గిన్నెను బల్ల మీద కూర్చోబెడితే సెట్టు, రాయిని ఉంగరంలో కూర్చోబెడితే సెట్టు, విరిగిన ఎముకను దాని చోట కూర్చోబెడితే సెట్టు. సూర్యుడు దిగిపోవడానికి కూడా ఆ మాటే ఎందుకు వాడారన్నది నాకు చాలాకాలం అంతుపట్టలేదు. ప్రాచీన ఇంగ్లీషులో సూర్యాస్తమయానికి ‘సెట్ల్‌గాంగ్’ అనే మాట ఉండేదని తెలిశాక ముడి విడింది. ‘సెట్ల్’ అంటే ఆసనం, ‘గాంగ్’ అంటే వెళ్ళడం. సూర్యుడు పగలంతా నిలబడి నిలబడి సాయంత్రానికి తన పీట దగ్గరికి వెళ్ళి కూర్చుంటాడు. మనకు పొద్దు వాలుతుంది, గుంకుతుంది. వాళ్ళకు కూలబడుతుంది. పొలం పని చేసేవాళ్ళు పెట్టిన పేరే అయ్యుంటుందని నా అనుమానం.

ఈ వేరు ఇంగ్లాండులోనే ఆగలేదు. భాషల చరిత్రకారులు ‘సిట్’కు మూలమైన ధాతువునే సంస్కృతంలోని ‘సద్’ ధాతువులో చూస్తారు. సదనం, సదస్సు, సంసద్ అన్నీ దాని పిల్లలే. చుట్టూ కూర్చునేది పరిషత్తు. గురువు దగ్గరగా కింద కూర్చుని నేర్చుకునేది ఉపనిషత్తు. అంటే పెరుగు సెట్టూ ఉపనిషత్తూ దూరపు చుట్టాలు. జిల్లా పరిషత్తూ అంతే. అక్కడ సభ్యులు కూర్చునేది ఎంతసేపు, లేచి అరిచేది ఎంతసేపు అన్నది వేరే సంగతి.

తెలుగులో ఇంకో ముచ్చట ఉంది. మనకు ‘కూర్చుండు’ అనే మాటా ఉంది, దాని పక్కనే ‘కూర్చు’ అనే మాటా ఉంది. దండ కూర్చుతాం. ప్రశ్నపత్రం కూర్చుతాం. పాటకు స్వరాలు కూర్చుతాం. పాతకాలపు అచ్చాఫీసులో సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి కూర్చేవారు, ఆ పనికి పేరే ‘కూర్పు’. విచిత్రమేమిటంటే ఇంగ్లీషులో ఈ పనులు చాలావాటికి సెట్టే. పేపర్ సెట్టింగ్, టైప్ సెట్టింగ్, పాటను సంగీతానికి సెట్ చేయడం. ఎక్కడో ఉత్తర సముద్రం ఒడ్డు భాషా, గోదావరి ఒడ్డు భాషా ‘కూర్చోవడం’, ‘అమర్చడం’ అనే రెండు పనులకూ ఇలా పక్కపక్క మాటలు పెట్టుకున్నాయి. ఇది కాకతాళీయమే కావచ్చు. వ్యుత్పత్తి తగువులోకి నేను దిగను. ముచ్చటపడి చూపిస్తున్నాను, అంతే.

ఒక మెలిక చెప్పాలి. ‘వస్తువుల సముదాయం’ అనే అర్థంలో వాడే సెట్టు, అంటే గిన్నెల సెట్టూ నగల సెట్టూ, కూర్చోబెట్టే సెట్టుకు పూర్తి రక్తబంధువు కాదు. దాని వెనక లాటిన్ ‘సెక్టా’ నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చిన మాట ఉంది. ఒకరి వెంట నడిచే జనం, శాఖ, మతవర్గం అని దాని అర్థం. మనం ‘సెక్ట్’ అనేది దీని అన్నగారే. వినడానికి ఒకేలా ఉండటంతో రెండు మాటలూ ఒకే ఇంట్లో కలిసిపోయాయి. ఎవరు ఔరసులో ఎవరు దత్తులో ఇప్పుడు చూస్తే చెప్పలేం.

కదలనిదీ అదే, కదిలేదీ అదే

సిమెంటు సెట్టయిందంటే ఇక కదలదు. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు నీళ్ళు కలిపాక అరగంట కన్నా ముందే బిగుసుకోవడం మొదలుపెట్టకూడదు, 600 నిమిషాలు దాటినా బిగియకుండా ఉండకూడదు అని మన దేశ ప్రమాణాల్లో రాసి ఉంటుంది. మేస్త్రీకి ఆ అంకెలతో పని లేదు. తాపీ మొనతో గీసి ‘‘పట్టేసిందయ్యా, ఇంక ముట్టుకోకు’’ అంటాడు. ఇది సెట్టు. మరి ఓడ బయల్దేరినా సెట్టే, మనిషి ప్రయాణమైనా ‘సెట్ అవుట్’, ‘సెట్ ఆఫ్’. స్థిరపడటమూ అదే, లేచి బయల్దేరడమూ అదే. ఒకే మాట రెండు చివర్లనూ ఎలా పట్టుకుందో చూడాలంటే వంద మీటర్ల పరుగుపందెం మొదలయ్యే క్షణాన్ని చూడాలి.

‘ఆన్ యువర్ మార్క్స్’ అనగానే ఎనిమిది మంది వంగుతారు. ‘సెట్’ అనగానే నడుములు పైకి లేస్తాయి, చేతివేళ్ళు నేలకు ఆని ఉంటాయి, స్టేడియం మొత్తం ఊపిరి బిగబడుతుంది. ఆ మాటకూ తుపాకీ మోతకూ మధ్య ఎవడూ రెప్ప కూడా కదపకూడదు. అంత నిశ్చలత, అంత వేగం ఒకే మాటలో ముడుచుకుని ఉంటాయి. మోత తర్వాత సెకనులో పదో వంతు లోపే కదిలినా తప్పుడు ఆరంభం కిందే లెక్క. 2010 నుంచి నియమం ఇంకా బిగించారు, ఒక్కసారి తప్పినా ఇంటికే. ఆ మరుసటి ఏడాది దక్షిణ కొరియాలోని డేగూలో ప్రపంచ పోటీల ఫైనల్లో ఉసేన్ బోల్ట్ ‘సెట్’ తర్వాత ఒక్క క్షణం ఆగలేక ముందే దూకాడు. ప్రపంచంలోకెల్లా వేగవంతుడు పరుగెత్తకుండానే బయటికి నడిచాడు.

టెన్నిస్ సెట్టు సంగతి దీనికి తిరగబడ్డ వ్యవహారం. అది అయిపోవడమే కష్టం. 2010 వింబుల్డన్ తొలి రౌండులో అమెరికా ఆటగాడు జాన్ ఇస్నర్, ఫ్రాన్స్ ఆటగాడు నికొలా మాహూ తలపడ్డారు. నాలుగు సెట్లు మామూలుగానే జరిగాయి, చీకటి పడితే ఆపారు. మర్నాడు ఐదోది మొదలైంది, ముగియదే! మళ్ళీ చీకటి పడింది. స్కోరుబోర్డు 47-47 దగ్గర చేతులెత్తేసింది, అంతకుమించి లెక్కపెట్టడం దానికి నేర్పలేదట. మూడో రోజు 70-68తో ఇస్నర్ గెలిచాడు. ఆ ఒక్క సెట్టే 8 గంటల 11 నిమిషాలు. మొత్తం ఆట 11 గంటల 5 నిమిషాలు. సిమెంటు కన్నా ఆలస్యంగా సెట్టయిన ఆట అదొక్కటే అయ్యుండాలి.

లెక్కల్లో సెట్టును మనవాళ్ళు ‘సమితి’ అన్నారు. పదో తరగతి పుస్తకంలో ‘సమితులు’ అని పాఠమే ఉంది. 1870లలో జర్మన్ గణితవేత్త గెయోర్గ్ కాంటర్ వేసిన పునాది అది. అందులో నాకు నచ్చినది శూన్య సమితి. లోపల ఏమీ ఉండదు, అయినా ప్రతి సమితిలోనూ ఉపసమితిగా ఒదిగిపోతుంది. ‘సెట్’ అనే మాట పద్ధతీ ఇంచుమించు అదే. తనకంటూ బరువు లేదు కాబట్టి ఎవరి పక్కనైనా నిలబడుతుంది. ఎంత తరచుగా వాడితే ఒక మాట అన్ని అర్థాలు పోగేసుకుంటుందని హార్వర్డ్‌కు చెందిన జార్జ్ జిఫ్ 1945లోనే లెక్కగట్టి చూపాడు. ఏడాదికోసారి బీరువాలోంచి తీసే పట్టుచీర లాంటి మాటకు ఒకే అర్థం. రోజూ భుజాన వేసుకునే తువ్వాలుకు వంద పనులు.

పక్కన పెట్టిందా, కొట్టేసిందా?

ఈ మాట చేతిలో నేను దెబ్బ తిన్న కథ ఒకటుంది. పత్రికలో ఉద్యోగానికి చేరిన కొత్త. రాత్రి డ్యూటీ. ఏజెన్సీ నుంచి కోర్టు వార్త వచ్చింది. ప్రభుత్వ ఉత్తర్వును హైకోర్టు ‘సెట్ అసైడ్’ చేసిందని. నేను ఇంగ్లీషుకు ఎదురుగా తెలుగు పేర్చి ‘ఉత్తర్వును పక్కన పెట్టిన హైకోర్టు’ అని శీర్షిక కొట్టి ఇచ్చాను. మా నైట్ ఇన్‌చార్జి కళ్ళజోడు పైకెత్తి చూశారు.

‘‘పక్కన పెట్టిందా? ఏ పక్కన నాయనా?’’

‘‘అంటే... ప్రస్తుతానికి పక్కన...’’

‘‘మళ్ళీ ఎప్పుడు చేతిలోకి తీసుకుంటుందట?’’

నేను నీళ్ళు నమిలాను. ఆయన ఎర్ర పెన్నుతో కొట్టేసి ‘కొట్టేసిన’ అని రాశారు. ‘‘ఇంట్లో మీ అమ్మ నీకోసం రెండు గారెలు తీసి పక్కన పెడుతుంది చూడు, అదీ సెట్ అసైడే. కోర్టు చేసేది ఆ పని కాదు. రద్దు. ఇక లేదు. నువ్వు రాసింది చదివి ఆ కేసు వేసినవాళ్ళు రేపు మళ్ళీ కోర్టు గుమ్మం దగ్గర నిలబడతారు’’ అన్నారు. ఒకే ఇంగ్లీషు మాట, ఒకచోట దాచడం, ఇంకోచోట పారేయడం. ఇన్నేళ్ళ తర్వాత కూడా పేపర్లలో ‘పక్కన పెట్టింది’ కనబడితే నాకు ఆ గారెలే గుర్తొస్తాయి. నెలకు నాలుగుసార్లన్నా కనబడుతుంది.

దాని అన్నదమ్ములు కూడా తక్కువవాళ్ళు కాదు. ‘సెట్ ఆఫ్’ అంటే ఊరికి బయల్దేరడం, టపాకాయ పేల్చడం, పద్దులు సర్దుబాటు చేయడం. ‘సెటప్’ అంటే ఏర్పాటు, ఇంగ్లీషువాడి వాడుకలో కుట్ర పన్ని ఇరికించడం కూడా. మన ఊళ్ళల్లో అయితే ఆ మాట గొంతు తగ్గించి అంటారు. ‘‘ఆయనకు అక్కడో సెటప్ ఉందట’’ అంటే వినేవాడికి వేరే వివరణ అక్కర్లేదు. ఈ అర్థం బ్రాడ్లీ గారి చీటీల్లో ఉండే అవకాశం లేదు. ఇది మన సొంత కష్టార్జితం.

అదే వేరు నుంచి పుట్టిన ‘సెటిల్’ మన బతుకుల్లోకి ఇంకా లోతుగా దిగింది. ఆసనం అనే మాట నుంచే అదీ పుట్టింది. ‘‘మావాడు డాలస్‌లో సెటిలయ్యాడు’’ అని ఇక్కడ తల్లి చెబుతుంది. అక్కడ ఆ అబ్బాయి గ్రీన్‌కార్డు వరసలో ఏళ్ళ తరబడి నిలబడే ఉంటాడు, ఇంకా కూర్చోలేదు పాపం. తెలంగాణలో ‘సెటిలర్లు’ అంటే ఎన్నికలప్పుడు అన్ని పార్టీలకూ గుర్తొచ్చే జనం. ‘సెటిల్‌మెంటు’ రెవెన్యూ దస్త్రాల్లో భూమి లెక్క, సందు చివర కుర్చీ వేసుక్కూర్చున్న దాదా దగ్గర తగవు తీర్పు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం పెద్దలకు మాత్రం ఆ మాట వింటే వేరే జ్ఞాపకం. నేరస్త తెగల చట్టం కింద ముద్రవేసిన ఎరుకల కుటుంబాలను తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో అక్కడ కూర్చోబెట్టారు. ఆ ఊరి తొలి హోదా ‘సెటిల్‌మెంటు’. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ అనే దొర పేరే ఊరి పేరైంది. కూర్చోవడం ఒకటి, కూర్చోబెట్టడం ఒకటి. ఆ రెండింటి మధ్య తేడా వాళ్ళకు తెలిసినంతగా నిఘంటుకారులకు కూడా తెలియదు.

అన్నీ సెట్టయితే మిగిలేదేమిటి?

మా ఇంటి పెరుగు దగ్గరికి వస్తాను. పెరుగు ‘సెట్టవలేదు’ అన్న మనిషి ఇరవై ఏళ్ళ కిందట ‘తోడుకోలేదు’ అనేది. నేనేమీ మాట దిద్దలేదు, పొద్దున్నే ఎందుకొచ్చిన గొడవ. కానీ ఆ రోజంతా చెవి అటే ఉంది. సాయంత్రంలోగా ఇంట్లో వినబడినవి: కోడలు చీర చూసి ‘‘ఈ రంగు నాకు సెట్టవదు అత్తయ్యా’’. అబ్బాయి ఫోనులో స్నేహితుడి గురించి ‘‘వాళ్ళిద్దరికీ సెట్టవలేదురా, విడిపోయారు’’. పక్కింటాయన మెట్ల మీద ‘‘అమ్మాయికి సంబంధం సెట్టయిందండీ’’. ఏసీ బాగుచేయడానికొచ్చిన కుర్రాడు ‘‘సెట్టయిపోద్ది సార్, పది నిమిషాలు’’.

చీర నప్పదు. మనుషులకు పొసగదు. సంబంధం కుదురుతుంది. యంత్రం బాగుపడుతుంది. నాలుగు వేరువేరు పనులకు మనకున్న నాలుగు వేరువేరు మాటలను ఒక్క సెట్టు మింగేసింది. వంటింట్లోనే చూడండి. పాలు తోడుకుంటాయి, నెయ్యి పేరుకుంటుంది, పాకం ముదురుతుంది. తోట్లోకి వెళితే పూత పిందె కడుతుంది. పుత్తూరు వెళితే ఎముకకు కట్టు కడతారు, అతుక్కుంటుంది. కంసాలి రాయి పొదుగుతాడు. వేటగాడు ఉచ్చు పన్నుతాడు. ఇంగ్లీషువాడు ఇన్నిటికీ సెట్టంటాడంటే అతనికి గతిలేక కాదు, అది అతని భాష నడక. మన నడక వేరు, పనికొక క్రియ. నేను ఇంగ్లీషు మాటల మీద కత్తి దూసే మనిషిని కాను. పంపుసెట్టును ‘జలోద్ధరణ యంత్ర సముచ్చయం’ అనమంటే నేనే ముందు పారిపోతాను. బస్సు, పెన్ను లాగా లేని వస్తువుకు వచ్చిన మాట చుట్టం. ఉన్న మాటను గెంటేసి దాని పీట మీద కూర్చునే మాట సంగతి వేరు. ‘పొసగలేదు’ అన్నప్పుడు వినబడే ఆ చిన్న బాధ ‘సెట్టవలేదు’లో వినబడదు. తెర మీద మీట నొక్కినట్టుంటుంది.

చెరకు రైతుల దగ్గర మాత్రం సెట్టు ఇంకా ఓడిపోతూనే ఉంది. వ్యవసాయ పరిశోధకుల ఇంగ్లీషు కాగితాల్లో నాటే చెరకు ముక్కను ‘సెట్’ అంటారు, చివర ఇంకో ‘టి’ తగిలించి. అనకాపల్లి చుట్టుపక్కల రైతు దాన్ని ‘ముచ్చె’ అనే అంటాడు. మూడు కళ్ళ ముచ్చెలు ఎకరాకు పదహారు వేలు కావాలంటాడు. ‘మూడు కళ్ళ సెట్టు’ అని ఎవరూ అనగా నేను వినలేదు. ఇలాంటి మాటలను ఊరూరా తిరిగి రైతుల నోటివెంట సేకరించిన పని మన దగ్గరా జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తి నాయకత్వంలో వ్యవసాయ మాండలిక పదకోశం 1962లోనే వెలువడింది.

ఇంతకీ మన దగ్గర సెట్టుకు దీటైన మాట లేదా? ఉంది. పొద్దున లేస్తే దానితోనే పని. అమ్మ గుమ్మంలో ముగ్గు పెడుతుంది, దేవుడి దగ్గర దీపం పెడుతుంది, కాఫీ పెడుతుంది, అన్నం పెడుతుంది, వేసవొస్తే ఆవకాయ పెడుతుంది. వీటిలో ఏ రెండు ‘పెట్టడాలూ’ ఒకటి కావు. కోడి గుడ్డు పెడుతుంది. పంతులు ముహూర్తం పెడతాడు. పిల్లాడికి ముద్దు పెడతాం, పేరు పెడతాం. ఎవరికీ పేరు పెట్టడానికి వీల్లేని మనిషి అంటే అతనికి పేరు లేదని కాదు, వంక లేదని. గుడిలో శఠగోపం పెడితే ఆశీర్వాదం, బజార్లో పెడితే మోసం. నామాలు పెట్టడం, టోపీ పెట్టడం కూడా బజారు బాపతే. పరుగు పెడతాం, ఒట్టు పెడతాం, గగ్గోలు పెడతాం, తద్దినం పెడతాం. ఇంకో క్రియ వెనక చేరితే ఇంకో రుచి. ‘రాసిపెట్టు’లో సాయముంది, ‘వదిలిపెట్టు’లో విడుదల ఉంది, ‘తగలబెట్టు’లో నిప్పుంది. ‘సెట్’ తొలి అర్థం చెప్పడానికి నేను పైన వాడిన తెలుగు మాట మళ్ళీ చూడండి. కూర్చోబెట్టు. అందులోనూ పెట్టే ఉంది.

ఆక్స్‌ఫర్డ్ తొలి భాగం వచ్చిన మరుసటి ఏడాది, 1885లో, బహుజనపల్లి సీతారామాచార్యులు ‘శబ్దరత్నాకరం’ అచ్చువేశారు. అది మహత్తర కృషి. కాకపోతే కావ్యాల్లోని మాటలకే అందులో పెద్దపీట. కాఫీ పెట్టడం, టోపీ పెట్టడం కావ్యాల్లో దొరకవు.

ముర్రే చీటీల కథ చదివినప్పటి నుంచీ నేనూ ఒక నోటుపుస్తకం పెట్టాను. పేజీకో ‘పెట్టు’. ఇప్పటికి 112 అయ్యాయి. చివరిది మొన్న మా ఇంట్లో పనిచేసే యాదమ్మ ఇచ్చింది. మా మనవడు అన్నం తినకుండా మారాం చేస్తుంటే ‘‘ఏం బిడ్డా, బెట్టు పెట్టినవ్?’’ అంది. మీ ఊళ్ళో, మీ ఇంట్లో ఈ పుస్తకానికి అందని ‘పెట్టు’ ఇంకేదైనా ఉంటే, ఎవరు ఏ సందర్భంలో అన్నారో కూడా చేర్చి, ఒక కార్డు ముక్క రాసి పెట్టండి.